పియానో కడుపులో దీపం

దగ్గరికి జరగండి. చాప మీద ఇంకా చోటుంది. గుమ్మంలో నిలబడి వింటే సగం మాట గాలికే పోతుంది. మా మేడ మీద అద్దెకున్న ఎస్తేరమ్మ పట్టిన కేసులు నేను బోలెడు చూశాను. సాక్షుల నోరు విప్పించడం చూశాను, గోడలకున్న మరకల చేత మాట్లాడించడం చూశాను. ఓ పాట బోనెక్కి సాక్ష్యం చెప్పడం మాత్రం ఒక్కసారే చూశాను. అదే ఇది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. బడుల్లేవు, బస్సుల్లేవు, సగం దుకాణాలు తెరవడం లేదు. దానికి తోడు ముసురు. మా తార్నాక ఆడవాళ్లం యూనివర్సిటీ రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసేవాళ్లం. రోడ్డు మీదే వండటం, వచ్చినవాళ్లకు అక్కడే వడ్డించడం, దారి కదలనివ్వకపోవడం. మా చేతిలో గరిటె తప్ప ఆయుధం లేదు మరి.

ఎస్తేరమ్మది గుంటూరు వైపు. కోర్టులో స్టెనోగా ఏళ్ల తరబడి సాక్షుల మాటలు రాసింది. "అబద్ధం చెప్పేవాడు ఊపిరి ఎక్కడ పీలుస్తాడో నా పెన్సిలుకు తెలుసు పెద్దమ్మా" అనేది. ఆ ఉద్యోగం వదిలేసి మా మేడ మెట్ల దగ్గర డిటెక్టివ్ అని బోర్డు కట్టింది. ఊరంతా రెండుగా చీలి మాట్లాడుకుంటున్న కాలంలో కూడా మా ఇద్దరి మధ్య కూరగిన్నెలు మెట్లెక్కుతూ దిగుతూనే ఉన్నాయి.

ఆదివారం చర్చి అయిపోగానే పక్క వీధి బ్లెస్సీ మా వరండాలోకి వచ్చి కూలబడింది. వాళ్లదీ కోస్తా నుంచి వచ్చిన కుటుంబమే. తండ్రి బళ్లో సంగీతం మాస్టారు, చర్చిలో పియానో వాయిస్తాడు. పిల్ల యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతోంది.

"ఆంటీ, రాజలింగాన్ని రేపు మధ్యాహ్నం కోర్టుకు తీసుకెళ్తారంట. నిన్న యూనివర్సిటీ హాలు వెనక కాలిన జీపును తగలబెట్టింది తనే అంటున్నారు. ఆ టైంలో తను నా పక్కనే ఉన్నాడు. నేను చెప్తే ఎవరూ నమ్మట్లేదు."

రాజలింగం ఆ పిల్ల క్లాసువాడే. హాస్టలు పిల్లల నాయకుడు. డప్పు కొట్టాడంటే రోడ్డు మీద రాళ్లు కూడా చిందెయ్యాల్సిందే. జీపు కేసు పడిందంటే చదువు పోతుంది, జైలు వస్తుంది, బయటికొచ్చాక కూడా ఆ మచ్చ పోదు.

ఎస్తేరమ్మ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఓదార్పు మాట ఒక్కటీ లేదు. నాకు కోపం వచ్చింది గానీ, ఆమె పద్ధతి అంతే.

"నిన్న సాయంత్రం హాల్లో ఏం చేస్తున్నావు?"

"పియానో ప్రాక్టీస్. మంగళవారం ఉద్యమం కోసం మా యూనివర్సిటీ పిల్లల సభ ఉంది. ఒక ఎట్యూడ్ వాయించమన్నారు."

"అంటే?"

"చేతికి సాధన పాట ఆంటీ. ఇది ఎడమచేతికి. కుడిచెయ్యి పైన పిలుస్తుంటుంది, ఎడమచెయ్యి కింద ఆగకుండా పరిగెడుతుంది. పోలెండు దేశపాయన రాశాడు. పరాయి ఊళ్లో ఉండగా, తన ఊళ్లో జనం తిరగబడ్డారనీ, దండు వచ్చి ఊరిని అణిచేసిందనీ కబురు తెలిసి ఆ బాధలో రాశాడంటారు."

"ఎడమచేతి పాటేంది బిడ్డా?" అన్నాను నేను ఉండబట్టలేక. "మా ఇంట్ల ఎడమచేత్తోని గ్లాసందుకుంటే నెత్తి మీద మొట్టేటోళ్లు."

బ్లెస్సీ ఏడుపులోనే కాస్త నవ్వింది. ఎస్తేరమ్మ నవ్వలేదు.

"మీ నాన్నగారు ఒప్పుకున్నారా?"

"లేదు. 'మనం ఎక్కడివాళ్లమో గుర్తుంచుకో, రెండు వైపులా చెడతావు' అన్నారు. నేను లాలాపేటలో పుట్టాను, తార్నాకలో పెరిగాను. ఇంకే ఊరివాళ్లలా ఉండాలో నాకు తెలీదు ఆంటీ. ఆ పాట ఎవరి ఊరి కోసం వాయించాలంటే నాకు ఈ ఊరే గుర్తొచ్చింది."

"సరే. రాజలింగం హాల్లోకి ఎందుకొచ్చాడు?"

"మీట ఇరుక్కుపోయింది. ఎడమవైపు కింది మీట. నొక్కితే కిందికి పోయి అక్కడే ఉండిపోతోంది, లేవదు. ఈ పాటలో ఎడమచెయ్యి మాటిమాటికీ ఆ మీట మీదికే వస్తుంది. దాన్ని లేపుకోవడానికి నా చేతికి తీరికుండదు. అందుకే కిటికీలోంచి రాజలింగాన్ని పిలిచాను. తను నా ఎడమపక్కన నిలబడి, డప్పుపుల్లతో మీట కొసను పైకి తన్నాడు. ప్రతిసారీ సరిగ్గా టైంకి."

"మీట ఎందుకు ఇరుక్కుంది?"

"చెమ్మ. ఆ హాలు పియానో బాగోగులు నాన్నే చూస్తారు. దాని లోపల ఒక చిన్న బల్బు పెట్టించారు, ఎప్పుడూ వెలుగుతుంటుంది. ఆ వెచ్చదనానికి చెక్క ఉబ్బదు. పాత చర్చిల్లో అందరూ అలాగే చేస్తారు. పోయినవారం ఆ బల్బు మాడిపోయింది. కొత్తది కొందామంటే షాపులు బంద్."

నాకు ఫక్కున నవ్వొచ్చింది. "ఇంతేనా! డప్పు కాపినట్టే గదా. ముసురుల డప్పు సడలుతది, మంట కాడ కాపితే బిగుస్తది. మీ దొరల బాజకు గూడ చలి పెడ్తదా!"

ఎస్తేరమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు నిన్న ఆ హాలు ముందే పొయ్యి పెట్టావు కదా పెద్దమ్మా. చూసింది చూసినట్టు చెప్పు."

చూసింది చెప్పడం కన్నా నాకు వేరే పనేముంది! పిల్ల వాయించడం మొదలుపెట్టింది, ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది, ఆగింది. తర్వాత కిటికీ తెరిచి "రాజన్నా" అని కేకేసింది. అతను మా పొయ్యి దగ్గర డప్పు కాపుకుంటున్నాడు. డప్పుకు రెండు కర్రలుంటాయి. కుడిచేతిది లావుపాటి సిర్ర, ఎడమచేతిది సన్నటి చిటికెన పుల్ల. డప్పును మంటకెదురుగా ఆనించాడు, సిర్రను రాయి మీద పెట్టాడు, చిటికెన పుల్ల చెవి మీద దోపుకుని లోపలికి పోయాడు. తర్వాత పాట ఆగలేదు. చివరి దాకా పోవడం, మళ్లీ మొదలవడం. నేను అన్నం వారుస్తుండగా హాలు వెనక భగ్గుమంది. జీపు. అందరం అటు ఉరికాం. పాట మాత్రం నడుస్తూనే ఉంది. అది అయిపోయాకే పిల్లలిద్దరూ ముందు తలుపులోంచి బయటికొచ్చారు. కాలిన జీపు పక్కన కిరసనాయిలు గుడ్డ చుట్టిన కర్ర ఒకటి దొరికింది. చూస్తే అది రాజలింగం సిర్ర. మా రాయి మీది నుంచి ఎవరు ఎప్పుడు ఎత్తుకుపోయారో, ఆ గుంపులో ఎవరికీ తెలియలేదు.

"ఇదంతా పోలీసులకు చెప్పావా?"

"చెప్పిన. 'పొయ్యి కాడ కూసున్న ఆడోళ్లందరు ఆ పిలగానికి మేనత్తలే, ఈ సాక్ష్యం చెల్లది' అన్నడు."

"అన్నదెవరు, ఇన్‌స్పెక్టరా?"

"కాదు. జీపు ఓనరు."

ఎస్తేరమ్మ లేచి చెప్పులేసుకుంది.

జీపు ఓనరు పేరు రఘువీర్. ఒకప్పుడు పోలీసు ఉద్యోగం చేసి, తర్వాత సెక్యూరిటీ ఏజెన్సీ పెట్టాడు. పరిశోధనలు కూడా చేస్తానని చెప్పుకుంటాడు. ఎస్తేరమ్మకు రావలసిన కేసులు చాలాసార్లు అతని ఆఫీసుకే పోయేవి. క్యాంపస్‌లో రెండు మూడు బిల్డింగులకు అతని మనుషులే కాపలా. మొత్తం క్యాంపస్ కాపలా తనకే ఇమ్మని అడుగుతున్నాడని అందరికీ తెలుసు.

మేం పోయేసరికి స్టేషన్లో ఇన్‌స్పెక్టరు సుందరరావు గారి ఎదురుగా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"రండి ఎస్తేరు గారూ! వెంట అసిస్టెంటును కూడా తెచ్చుకున్నారే. పళ్లున్నాయా ఆమెకి?"

"కొరకనీకి సరిపోయేటన్ని ఉన్నయి కొడుకా" అన్నాను.

సుందరరావు గారు మీసాల్లో నవ్వు దాచుకున్నారు. ఎస్తేరమ్మ ఏమీ విననట్టే మొదలుపెట్టింది.

"మంట లేచినప్పుడు హాల్లోంచి పాట వినిపిస్తోంది. అది బ్లెస్సీ వాయించిన పాట. పక్కన రాజలింగం ఉన్నాడు."

"పాట వినిపించింది నిజమే" అన్నాడు రఘువీర్. "వాయించిందని ఎవరన్నారు? ఫోన్లో రికార్డు పెట్టి, ఓ స్పీకరు తగిలిస్తే ఆ పొయ్యిల దాకా వినిపిస్తుంది. కుర్రాడు ముందు తలుపులోంచి లోపలికెళ్లాడు, వెనక తలుపులోంచి బయటికొచ్చాడు, పని కానిచ్చుకుని మళ్లీ లోపలికెళ్లాడు. ఆంధ్రా పిల్ల, ఇంగ్లీషు పాట, ఉద్యమం లీడరు. ఆ పిల్ల ఎందుకు అబద్ధమాడుతోందో కాలేజీ గోడలక్కూడా తెలుసు."

బ్లెస్సీ ముఖం ఎర్రబడింది. ఎస్తేరమ్మ గొంతు పెరగలేదు, తగ్గలేదు.

"ఆ పియానోలో కింది మీట ఇరుక్కుంటుంది. ఇంకో మనిషి పక్కన నిలబడి లేపితే తప్ప ఆ పాట చివరిదాకా పోదు. పాట మొదట రెండుసార్లు తెగింది, రాజలింగం లోపలికెళ్లాక తెగలేదు. పొయ్యి దగ్గరి వాళ్లంతా విన్నది అదే. రికార్డుకు మీట ఇరుక్కోదు కదండీ. హాలు తెరిపించండి ఇన్‌స్పెక్టరు గారూ, మీ ముందే చూపిస్తాను."

సుందరరావు గారు బల్ల మీద పెన్ను దొర్లిస్తూ ఆలోచించారు. "హాలుకు సీలు వేయించాను. రేపు పొద్దున నేనే వచ్చి తీస్తాను. మీట ఇరుక్కుంటే ఆలోచిస్తాను. ఇరుక్కోకపోతే కుర్రాణ్ణి కోర్టుకు పంపుతాను, అబద్ధపు సాక్ష్యమని ఈ అమ్మాయి మీద కూడా రాస్తాను. సరేనా?"

బ్లెస్సీ ఎస్తేరమ్మ చెయ్యి పట్టుకుంది.

"సరే" అంది ఎస్తేరమ్మ.

రఘువీర్ నవ్వుతూ లేచి, కుడిచెయ్యి చాచి ఇన్‌స్పెక్టరు గారి చెయ్యి ఊపి మరీ వెళ్లాడు. ఈ ముక్క గుర్తుంచుకోండి. తర్వాత పనికొస్తుంది.

సోమవారం పొద్దున సన్నగా తుంపర పడుతోంది. నేను ఫ్లాస్కులో చాయ్ పోసుకుని వెళ్లాను. ఎంత పెద్ద గొడవకైనా చాయ్ అడ్డం రాదు. హాలు మెట్ల మీద రఘువీర్ అప్పటికే నిలబడి ఉన్నాడు. అతని గార్డు వెనక తలుపు దగ్గర ఆవులిస్తున్నాడు. సుందరరావు గారి వెనకాలే బేడీలతో రాజలింగాన్ని తీసుకొచ్చారు. గడ్డం మాసి ఉంది, అయినా నన్ను చూసి నవ్వాడు.

"అవ్వా, నా డప్పు తడుస్తలేదు గదా?"

"నా మంచం కింద పండుకున్నది బిడ్డా. నీకన్న నయమే."

అందరికీ చాయ్ పోశాను. సుందరరావు గారు రెండు చేతులతో అందుకున్నారు. రఘువీర్ మాత్రం కుడిచెయ్యి ప్యాంటు జేబులోంచి తీయకుండా ఎడమచెయ్యి చాచాడు.

నాకు ఒళ్లు మండింది. "ఏంది కొడుకా, చదువుకున్నోనివి, పెద్దమనిషి ఇస్తుంటె ఎడమచేత్తోని తీసుకుంటవా?"

"ఈ రోజుల్లో అవన్నీ ఎవరు చూస్తున్నారు పెద్దమ్మా!" అన్నాడు.

నేను చూస్తాను. ఎస్తేరమ్మ కూడా చూసింది. గ్లాసు వైపు, జేబు వైపు ఓ చూపు చూసి ఊరుకుంది.

ముందు తలుపు సీలు చెక్కుచెదరలేదు. వెనక తలుపుకు మాత్రం సీలు లేదు, తాళం ఒక్కటే. సుందరరావు గారు ముందు తలుపు తీయించారు. లోపల పాత పియానో, దాని మీద బ్లెస్సీ వాళ్లమ్మ కుట్టిన పూల గుడ్డ. ఎస్తేరమ్మ ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ముందు నేల చూసింది, తర్వాత పియానో వెనకాల చూసింది. గోడకూ పియానోకూ మధ్య చెయ్యి దూర్చి సన్నటి పుల్ల ఒకటి బయటికి తీసింది.

"నాదే" అన్నాడు రాజలింగం. "పాట అయిపోయినంక మంట మంట అని ఒర్రుడు ఇనొచ్చి ఆడ్నే పడేసి ఉరికిన."

"ఎప్పుడో పడేసి ఉంటాడు" అన్నాడు రఘువీర్.

ఎస్తేరమ్మ కింది మీట అంచు కింద వేలితో తడిమి, సుందరరావు గారిని వంగి చూడమంది. మీట కొస కింద తెల్లగా కొత్త గీతలు. పక్క మీటలకు లేవు.

"ఎలుక కొరికిందేమో" అన్నాడు రఘువీర్.

"ఒక్క మీటనే రుచి చూసి వెళ్లిపోయిందంటారా?" అంది ఎస్తేరమ్మ.

రఘువీర్ ముందుకొచ్చాడు. "ఇదంతా ఎందుకండీ? మీట ఇరుక్కుంటుందా, లేదా? అదే కదా పందెం." ఎడమచేతి వేలితో కింది మీట నొక్కాడు.

బుం అని మోగింది. మీట చక్కగా పైకి లేచింది.

మళ్లీ నొక్కాడు. మళ్లీ లేచింది.

బ్లెస్సీ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "కాదు... ఇలా లేదు... శనివారం ఇలా లేదు అంకుల్!"

"చూశారా!" రఘువీర్ పియానో ముందు చెక్క తెరిచి లోపలికి చూపించాడు. "పిల్ల చెప్పిన బల్బు ఇదిగో, మాడిపోయే ఉంది. మార్చినవాడు లేడు, వెలిగించినవాడు లేడు. ముసురు ఇంకా పడుతూనే ఉంది. మరి మీట ఎలా బాగైంది? అసలెప్పుడూ ఇరుక్కోలేదు కాబట్టి!"

సుందరరావు గారు నిట్టూర్చి టోపీ సర్దుకున్నారు. రాజలింగం తల వంచాడు. నేను అక్కడున్న బల్ల మీద కూర్చుండిపోయాను.

ఎస్తేరమ్మ మాత్రం తెరిచిన పియానో కడుపులోకి చెయ్యి పెట్టింది. బల్బును ముట్టుకోలేదు. దాని పక్కనున్న చెక్కను అరచేత్తో నిమిరింది. కాసేపు అలాగే ఉంచి, చెయ్యి తీసి, నా వైపు చూసింది.

"పెద్దమ్మా, సడలిన డప్పును ఒక్క పూట హడావిడిగా కాపితే ఎంతసేపు నిలుస్తుంది?"

"పైపైన కాపితె ఏం నిలుస్తది బిడ్డా? మెల్లగ తడితె మోగుతది. నాలుగు దెబ్బలు గట్టిగ పడితె మళ్ల దిగుతది. లోపలి చెమ్మ యాడికి పోతది?"

ఎస్తేరమ్మ ముఖం వెలిగింది. "ఇన్‌స్పెక్టరు గారూ, మీట ఒక వేలితో తడితే సరిపోదు. పాట అంతా వాయిస్తేనే పరీక్ష. మీరు నాకు మాటిచ్చారు."

"కానివ్వండి" అన్నారాయన.

బ్లెస్సీ పియానో ముందు కూర్చుంది. ఆ పిల్ల పరిస్థితి ఆలోచించండి. బాగా వాయించాలి, ఆ వాయించేది మధ్యలో చెడిపోవాలి. చెడకపోతే స్నేహితుడు జైలుకు పోతాడు. లోకంలో ఏ వాద్యగాడికీ అటువంటి మొక్కు మొక్కుకోవలసి రాలేదేమో.

"గట్టిగా వాయించు" అంది ఎస్తేరమ్మ. "నీ ఊరి కోసం అన్నావుగా."

పిల్ల చేతులెత్తింది. కుడిచెయ్యి ఒక్క దెబ్బ కొట్టింది, పిడుగు పడ్డట్టు. ఆ వెంటనే ఎడమచెయ్యి పైనుంచి కిందికి జారింది. జారడమా అది! లాలాపేట బ్రిడ్జి కింద గూడ్సు బండి పోతుంటే ఇళ్లలో గిన్నెలు వణుకుతాయి చూడండి, అలా నా కింద బల్ల వణికింది. ఒకసారి కాదు, అల మీద అల. కుడిచెయ్యి పైన ఎవరినో పేరు పెట్టి పిలుస్తోంది, ఎడమచెయ్యి కింద జనంలా ఉరుకుతోంది. ఎడమచెయ్యి అంటే నాకున్న చిన్నచూపు ఆ రోజుతో పోయింది.

కింది మీట మోగింది, లేచింది. మళ్లీ మోగింది, లేచింది. రఘువీర్ నవ్వుతున్నాడు. పిల్ల ఇంకా బలంగా కొట్టింది. భుజాలు కదులుతున్నాయి, జడ ఊగుతోంది. మళ్లీ ఎడమచెయ్యి కిందికి వచ్చింది...

టక్.

మోత లేదు, చెక్క చప్పుడు. పరుగులో గొయ్యి పడ్డట్టు పాట తూలింది. పిల్ల చేతులు తీసేసింది. కింది మీట పన్నూడిన చోటులా లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది.

"ఇరుక్కుంది!" అని అరిచింది బ్లెస్సీ.

రాజలింగం బేడీలతోనే చప్పట్లు కొట్టాడు. నేను కొట్టాను. వెనకున్న కానిస్టేబుల్ కూడా కొట్టి, ఇన్‌స్పెక్టరు గారిని చూసి చేతులు దాచుకున్నాడు. పాట చెడిపోయినందుకు అంత సంబరపడిన సభ ఇంకొకటి ఉంటే నాకు చూపించండి!

"సరే, ఇరుక్కుంది" అన్నాడు రఘువీర్. "అయితే ఏంటి? ఎవడైనా పక్కన నిలబడి లేపి ఉండొచ్చు. వీడే అని ఏముంది?"

"అవునా!" సుందరరావు గారు చిటికెన పుల్ల తీసి అతని ముందు పెట్టారు. "ఎవడైనా లేపొచ్చంటున్నారు కదా. మీరే లేపండి."

"నేనా?"

"ఏం, బరువా?"

రఘువీర్ ఎడమచేత్తో పుల్ల అందుకున్నాడు. పిల్ల మళ్లీ మొదలుపెట్టింది. మీట దిగబడింది, ఇతను పొడిచాడు, పుల్ల పక్క మీటకు తగిలి ఎవరూ అడగని మోత ఒకటి మోగింది. మళ్లీ పొడిచాడు, ఈసారి పిల్ల వేళ్ల మీద పడింది.

"అబ్బా! అంకుల్, అది నా చెయ్యి!"

"కొడుకా, పియానో అనుకున్నవా, పాము అనుకున్నవా?" అన్నాను. కానిస్టేబుల్ ఈసారి నవ్వు దాచుకోలేదు.

"కుడిచేత్తో ప్రయత్నించండి" అంది ఎస్తేరమ్మ మెత్తగా.

రఘువీర్ పుల్ల పియానో మీద పడేశాడు. "ఇది విచారణా, సర్కసా?"

సుందరరావు గారు రాజలింగం వైపు తిరిగారు. "వీడి బేడీలు తీయ్."

రాజలింగం మణికట్లు రుద్దుకుంటూ వచ్చి, పిల్లకు ఎడమపక్కన నిలబడ్డాడు. పుల్ల రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఓసారి గాలిలో ఆడించాడు.

"బ్లెస్సీ, దబ్బున పోనియ్యి. నేనున్న."

నేను ఆ ఇద్దరినీ ఏమని చెప్పను! ఆ పిల్ల కాయితం చూడలేదు, ఆ పిల్లవాడు మీట చూడలేదు. అతను వింటున్నాడంతే. ఎడమచెయ్యి కిందికి దూకడం, మీట దిగడం, పుల్ల కొస చివుక్కున దాన్ని పైకి తన్నడం. మళ్లీ చెయ్యి వచ్చేసరికి మీట సిద్ధం. పుల్ల తగిలినప్పుడల్లా సన్నగా టిక్కుమంటోంది. వింటుండగానే నాకు గుర్తొచ్చింది. శనివారం పొయ్యి దగ్గర విన్నది అదే. పాటలో ఈ టిక్కు టిక్కులేందా అని అన్నం వారుస్తూ అనుకున్నాను.

"ఇన్‌స్పెక్టర్ సాబ్! ఈ టిక్కుమనే సప్పుడు! ఆనాడు గూడ ఇట్లనే ఇనొచ్చింది! జీపు మండుతుంటె గూడ ఇనొచ్చింది!"

పాట ఆపమని ఎవరూ అనలేదు. తలుపు దగ్గర జనం మూగారు. హాస్టలు పిల్లలు, గరిటెలతో మా ఆడవాళ్లు. వాళ్ల వెనక తడిసిన గొడుగుతో బ్లెస్సీ తండ్రి. వద్దన్న మనిషి తన వేళ్లతో గొడుగు పిడి మీద తాళం వేస్తున్నాడు. చివరికి రెండు చేతులూ కలిసి పైనుంచి కింది దాకా ఒక్క దూకు దూకి, పెద్ద పెద్ద దెబ్బలతో నిలబడ్డాయి. తర్వాత చప్పట్లు చూడాలి! ఆ హాలు పైకప్పు ఎలా నిలబడిందో నాకు తెలియదు. గరిటెలు కూడా మోగాయి.

"ఈ అబ్బాయి హాల్లోనే ఉన్నాడు" అన్నారు సుందరరావు గారు. "నాకు అనుమానం లేదు."

"నాకొకటి ఉంది" అంది ఎస్తేరమ్మ.

అందరూ ఆగారు. రఘువీర్ అప్పటికే తలుపు వైపు అడుగులు వేస్తున్నాడు. గరిటెలు పట్టుకున్న మా వాళ్లు దారి ఇవ్వలేదు. దారులు ఆపడం వాళ్లకు అలవాటే కదా.

"పొద్దున మీట ఎందుకు లేచింది?" అంది ఎస్తేరమ్మ. "ఇన్‌స్పెక్టరు గారూ, బల్బు పక్కనున్న చెక్క మీద చెయ్యి పెట్టండి."

ఆయన పెట్టారు. కనుబొమలు పైకి లేచాయి. "ఇంకా వెచ్చగా ఉందే!"

"వారం కిందట మాడిన బల్బు చెక్కను ఎలా వెచ్చబెట్టింది? రాత్రి ఎవరో వెనక తలుపులోంచి వచ్చి, మంచి బల్బు, పెద్దది, పెట్టి తెల్లారేదాకా వెలిగించారు. మీట ఇరుక్కోకూడదని. మీరు వచ్చే ముందు దాన్ని తీసి, మాడిన బల్బు మళ్లీ బిగించారు, ఏమీ జరగనట్టు కనిపించాలని. మీట పరీక్ష సంగతి నిన్న నేను చెప్పింది మీ గదిలో. విన్నది మనమే. రాజలింగం మీ లాకప్‌లో ఉన్నాడు. వెనక తలుపుకు కాపలా ఎవరి మనిషి?"

ఆవులిస్తున్న గార్డు నోరు మూశాడు.

"కథలు!" అన్నాడు రఘువీర్. "నా జీపు నేనే తగలబెట్టుకుంటానా?"

"జీపు తగలబడ్డ మర్నాడే క్యాంపస్ మొత్తం కాపలా నాకివ్వండని యూనివర్సిటీవాళ్లను మళ్లీ అడిగారు మీరు" అన్నారు సుందరరావు గారు నెమ్మదిగా. "ఆ సిర్ర కూడా మాకంటే ముందు మీకే దొరికింది. అప్పుడు నేను ఆలోచించలేదు."

"రుజువు?"

"రాత్రంతా వెలిగిన బల్బును తొందరలో చేత్తో విప్పితే ఏమవుతుందో చాయ్ పోసే పెద్దమ్మకు కూడా తెలుసు" అంది ఎస్తేరమ్మ. "నిన్న స్టేషన్లో మీరు ఏ చెయ్యి ఊపారు? ఇవాళ గ్లాసు ఏ చేత్తో తీసుకున్నారు? పుల్ల ఏ చేత్తో పట్టుకున్నారు?"

రఘువీర్ జేబులో చెయ్యి జేబులోనే ఉంది.

అప్పుడు నేను లేచాను. ఫ్లాస్కులో మిగిలిన చాయ్ గ్లాసులో పోసి, పొగలు కక్కుతుండగా అతని ముందు నిలబడ్డాను.

"తీస్కో కొడుకా. ఈసారి మర్యాదగ, కుడిచేత్తోని."

సుందరరావు గారు అతని మోచెయ్యి పట్టి జేబులోంచి బయటికి లాగారు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. మూడు వేళ్ల కొసలకూ నీటిబొబ్బలు, గుండ్రటి బల్బును పట్టుకున్నట్టే వంగిపోయి ఉన్నాయి.

రాజలింగం చేతుల నుంచి తీసిన బేడీలు ఇంకా పియానో మీద పూల గుడ్డ పైనే ఉన్నాయి. కానిస్టేబుల్ వాటి కోసం రెండడుగులు కూడా వేయనక్కర్లేకపోయింది. రఘువీర్‌కు వేయమని బ్లెస్సీయే అందించింది.

ఇదీ సంగతి. మీరు ఇంటికి పోయి ఎవరికో ఒకరికి చెప్పండి. పేర్లు మరిచిపోయినా ఫరవాలేదు, నన్నయితే మొత్తమే వదిలేయండి. కానీ ఆ పిల్ల ఎడమచెయ్యి, ఆ పిల్లవాడి ఎడమచేతి పుల్ల, ఆ రెండూ కలిసి పాటను చివరిదాకా నిలబెట్టిన సంగతి మాత్రం వదలొద్దు. ఇంకొక్కటి. మీట ఇరుక్కున్న చోటికి వచ్చినప్పుడు కాస్త ఆగి, విన్నవాళ్ల చేత చప్పట్లు కొట్టించండి. మేం కొట్టాం మరి.